విజిలు మాకు, కుర్చీ మీకా?

"కుర్రోడు మంచోడే. పనిమంతుడే. కానీ ఇంకా చిన్నోడు గదా!"

ఈ మాట పడని దళిత కుర్రోడు ఈ దేశంలో ఏ ఆఫీసులోనూ, ఏ కాలేజీలోనూ, ఏ ఆటస్థలంలోనూ ఉండడు. తెల్లారకముందే వచ్చి గేటు తాళం తియ్యటానికి వాడు చిన్నోడు కాదు. ఎండలో నిలబడి గ్రౌండుకి సున్నం గీతలు కొట్టటానికి చిన్నోడు కాదు. కాలు విరిగిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తటానికి అసలే చిన్నోడు కాదు. కుర్చీ ఖాళీ అయిన రోజున మాత్రం చిన్నోడైపోతాడు. పొద్దున దాకా జట్టు మొత్తాన్ని మోసినవాడు సాయంత్రానికి పాలు తాగే పసివాడైపోతాడు.

'చిన్నోడు' అనే మాటకి మా గూడెంలో అర్థం వేరు. మా తాతకి అరవై ఏళ్ళు దాటాక కూడా ఆసామి ఇంట్లో పదేళ్ళ పిల్లాడు "ఏరా" అనే పిలిచేవాడు. తాత "అయ్యా" అనే పలికేవాడు. అంటే ఏంది? ఇక్కడ వయసుని పుట్టిన తేదీ నుంచి లెక్కగట్టరు, పుట్టిన పేట నుంచి లెక్కగడతారు. ఊళ్ళో పుట్టినోడు పదేళ్ళకే పెద్దోడు. గూడెంలో పుట్టినోడు కాటికి పోయేదాకా చిన్నోడే. ఇప్పుడు ఎవరూ నోరారా "ఏరా" అనటంలేదు. చట్టం ఉంది, కేసు అవుద్దని భయం ఉంది. అందుకని ఆ 'ఏరా'కి ప్యాంటూ చొక్కా తొడిగి, 'అనుభవం చాలదు' అని పేరు పెట్టి, కమిటీ గదిలో కూర్చోబెట్టారు. నేను మాట్లాడదల్చుకుంది ఆ కమిటీ గది గురించే.

నేను సర్కారు బడి పంతుల్ని. మాది ఆగిరిపల్లి. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ ఊరికీ గూడేనికీ మధ్య దూరం మారలేదు. శోభనాద్రి కొండ కింద ఊరు, ఊరికి ఎడంగా మా మాదిగగూడెం, చుట్టూ మామిడి తోటలు. నూజివీడు రసాలంటే దేశమంతా లొట్టలేస్తది. ఆ తోటల్లో పాదులు తీసింది మావోళ్ళు. రాత్రిళ్ళు కాపలా పడుకుంది మావోళ్ళు. దోటి పట్టి కాయ కోసింది, గంపలకెత్తి లారీ దాకా మోసింది మావోళ్ళు. తోటా పట్టా, కాయ ధరా, నున్న మార్కెట్లో బేరమూ వేరేవాళ్ళవి. ఆ ఇళ్ళల్లోంచి డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి నేను. డీయస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్నా. మా శాఖలో హైస్కూలు పంతులు హోదాకి ఉన్న పేరు తెలుసుగా? 'స్కూల్ అసిస్టెంట్'. పాఠం చెప్పేవాడు అసిస్టెంటు, పేపర్లు దిద్దేవాడు అసిస్టెంటు. కాబట్టి అసిస్టెంటు అనే మాట బరువెంతో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా బాబాయి కొడుకు ఒకడున్నాడు. మా బాబాయి జీవితమంతా తోట కాపలానే. కాయ కోత అయిపోయిన తోటలో, రెండు మామిడి మొదళ్ళని గోలు చేసుకుని, ఉత్తకాళ్ళతో ఫుట్‌బాల్ నేర్చినవాడు మావోడు. డిగ్రీలో కాలేజీ జట్టుకి ఆడాడు. బీపీఈడీ చేశాడు. ఇరవై రెండేళ్ళకి ఒక ప్రైవేటు కాలేజీలో ఫుట్‌బాల్ జట్టుకి అసిస్టెంటు కోచ్‌గా చేరాడు. జీతం అనకూడదంట, 'గౌరవ వేతనం' అనాలంట. వేతనమైతే కోత కూలీకి అటూ ఇటూగా ఉండేది. గౌరవం సంగతి కిందకి చదివితే మీకే తెలుస్తది.

ఆరేళ్ళు చేశాడు. పొద్దున అయిదింటికి గ్రౌండులో ఉండేవాడు. బంతులకి గాలి కొట్టటం, గడ్డి కోయించటం, చిరిగిన నెట్టు తనే కూర్చుని అల్లటం, పస్తుతో వచ్చిన పిల్లాడికి తన జేబులోంచి ఇడ్లీ పెట్టించటం, టోర్నమెంటుకి పిల్లల్ని పల్లెవెలుగు బస్సులో తీసుకుపోయి మళ్ళీ ఎవరింటి దగ్గర వాళ్ళని దించటం, అన్నీ వాడే. ఏ పిల్లాడికి ఎడమకాలు బలం, ఎవడు ఆఖరి పావుగంటలో ఆయాసపడతాడు, ఎవడి ఇంట్లో తండ్రి తాగొచ్చి కొడితే ఆ రోజు ఆట చెడతది, అన్నీ వాడి నోటుపుస్తకంలో ఉండేవి. మొదటి ఆటలోనే ఓడి ఇంటికొచ్చే జట్టు, వాడి చేతికింద అంతర కళాశాలల పోటీల్లో సెమీఫైనల్ దాకా పోయింది.

హెడ్ కోచ్‌గా ఉన్న పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. "నా తరవాత వీడికే ఇవ్వండి, ఆట తెలిసినోడు" అని రాసిచ్చి మరీ పోయాడు. కమిటీ కూర్చుంది. మావోణ్ణి పిలిచి మూడు ప్రశ్నలు అడిగారు. హెడ్ కోచ్‌గా అనుభవం ఉందా? మిగతా లెక్చరర్ల మధ్య నెగ్గుకు రాగలవా? పెద్ద పెద్ద కుటుంబాల పిల్లలు నీ మాట వింటారా? ఆట గురించి ఒక్క ప్రశ్న లేదు. ఎదటి జట్టు బలంగా ఉంటే ఎంతమందిని వెనక నిలబెడతావని అడగలేదు. వానలో బురద గ్రౌండు మీద ఎట్లా ఆడిస్తావని అడగలేదు. "కుర్రోడు మంచోడే గానీ చిన్నోడు" అని తేల్చి పంపారు.

తీసుకుంది ఎవరిని? కమిటీలో ఒకాయనకి దగ్గరి చుట్టాన్ని. ఆయన ఆడింది క్రికెట్టు. మావోడికి ఇరవై ఎనిమిదేళ్ళు. వచ్చినాయనకి ఇరవై తొమ్మిది. చూశారా, అనుభవమంతా ఆ ఒక్క ఏడాదిలోనే ఉందన్నమాట! ఆయన చేరిన రోజున మావోణ్ణి పిలిచి, "గ్రౌండు నువ్వే చూసుకో, నేను ఆఫీసులో ఉంటా" అన్నాడు. విజిలు మావోడి మెళ్ళోనే ఉంది. కుర్చీలోకి మాత్రం వేరే మనిషి వచ్చాడు.

జట్టులో పిల్లలు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు, మాకు ఆ సారే కావాలని. అందులో అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. 'నీ మాట వింటారా' అని కమిటీ ఎవరి గురించి అడిగిందో ఆ పిల్లలే సంతకం పెట్టారు. యాజమాన్యం ఆ కాయితాన్ని చూసి ఇచ్చిన జవాబు ఒక్కటే: "ఇది క్రమశిక్షణా రాహిత్యం." పిల్లలు మాట వినరని ఒక రోజు అభ్యంతరం. మాట వింటామని రాసిస్తే మర్రోజు అది నేరం. తిరగలికి ఏ వైపు నిలబడ్డా నలిగే గింజ మాదే.

ఇది ఒక్క కాలేజీ కథే అయితే నేను కలం పట్టను. మావోడికి వేరే ఉద్యోగం వెతికేవాణ్ణి. కానీ ఇది సముద్రాల అవతల కూడా ఇదే తీరున నడిచింది. 1972లో బొంబాయిలో మన అన్నలు తమ సంఘానికి పేరు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు అమెరికా నల్లవాళ్ళ బ్లాక్ పాంథర్స్‌ని తల్చుకుని దళిత్ పాంథర్స్ అన్నారు. వాళ్ళ గాయం మన గాయం ఒకటేనని గుర్తుపట్టటం అప్పట్నించీ మనకు అలవాటే. కాబట్టి వాళ్ళ ఆటస్థలాల్లో ఏం జరిగిందో కూడా చూద్దాం.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ ఆడతారు. అక్కడ కాలేజీ జట్ల ఆటకి లక్ష మంది జనం వస్తారు. పెద్ద కాలేజీ కోచ్ జీతం ఆ రాష్ట్ర గవర్నరు జీతం కన్నా ఎన్నో రెట్లు. ఆ పెద్ద జట్లలో ఆడే కుర్రాళ్ళలో దాదాపు సగం మంది నల్లవాళ్ళు. హెడ్ కోచ్‌లను లెక్కపెడితే పదిమందిలో ఒకరు, అటూ ఇటుగా. పరిగెత్తేది ఎవరు, పరిగెత్తించేది ఎవరు? ఈ లెక్క మనకు కొత్తా?

అలబామా యూనివర్సిటీలో 2003లో హెడ్ కోచ్ పదవి ఖాళీ అయింది. ఇద్దరి పేర్లు ముందుకొచ్చాయి. ఇద్దరూ ఒకప్పుడు అలబామాకే ఆడినవాళ్ళు. ఇద్దరూ అప్పటిదాకా ఎక్కడా హెడ్ కోచ్‌గా చెయ్యనివాళ్ళు. ఒకాయన సిల్వెస్టర్ క్రూమ్, నల్లవాడు. వయసు 48. 1976 నుంచీ అసిస్టెంటుగా చేస్తున్నవాడు. ఇంకొకాయన మైక్ షూలా, తెల్లవాడు. వయసు 37. పేరుమోసిన కోచ్ డాన్ షూలా కొడుకు. పదవి షూలాకి వచ్చింది. ఎందుకని అప్పుడే జెస్సీ జాక్సన్ లాంటివాళ్ళు బహిరంగంగా నిలదీశారు. వాళ్ళ జవాబులు వాళ్ళకున్నాయి. నేను అడిగేది ఒక్కటే. అనుభవమే కొలబద్ద అయితే క్రూమ్‌కి రావాలి గదా? చిన్న వయసు అడ్డంకి అయితే షూలాకి రాకూడదు గదా? రెండు కొలబద్దలూ పక్కకి పోయాయి. మన దగ్గర మావోడి విషయంలోనూ అంతే. కొలబద్ద ముందు పుట్టదు. మనిషిని ముందు ఖాయం చేసుకుంటారు, తరవాత అతని కొలతకి కొలబద్దని నరుక్కుంటారు.

అదే ఏడాది చివర్లో మిసిసిపి స్టేట్ యూనివర్సిటీ క్రూమ్‌ని పిలిచి పదవి ఇచ్చింది. ఆ దక్షిణాది కాలేజీల కూటమిలో, ఎస్ఈసీ అంటారు, ఆయనే మొదటి నల్లజాతి హెడ్ కోచ్. ఆ కూటమి పుట్టి అప్పటికి డెబ్భై ఏళ్ళు. డెబ్భై ఏళ్ళలో ఒక్కడూ పనికిరాలేదంటే లోపం ఆ మనుషుల్లో ఉందా, చూసే కళ్ళల్లో ఉందా?

పనికిరాకపోవటం సంగతి ఎట్టాంటిదో ఎడ్డీ రాబిన్సన్‌ని అడగాలి. లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే నల్లవాళ్ళ కాలేజీ ఉంది. 1941లో ఆ కాలేజీ ఆయన్ని కోచ్‌గా తీసుకున్నప్పుడు ఆయనకి ఇరవై రెండేళ్ళు. మావోడు అసిస్టెంటుగా చేరిన వయసే! 1997 దాకా అక్కడే చేసి 408 ఆటలు గెలిపించాడు. తమ చేతిలో అధికారం ఉన్న చోట నల్లవాళ్ళు ఇరవై రెండేళ్ళవాణ్ణి నమ్మారు. అధికారం ఎవరి చేతిలో ఉందో 'చిన్నోడు' అనే మాట అర్థం దాన్నిబట్టి మారిపోద్ది.

ఇంకా దగ్గరి సంగతి. 2021 నవంబరు ఆఖర్లో నోటర్ డామ్ అనే పేరుమోసిన యూనివర్సిటీ హెడ్ కోచ్ ఉన్నట్టుండి వేరే కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆ జట్టులో రక్షణ విభాగం చూసే అసిస్టెంటు మార్కస్ ఫ్రీమన్‌కి అప్పుడు 35 ఏళ్ళు. తల్లి కొరియా ఆమె, తండ్రి నల్లవాడు. ఎక్కడా హెడ్ కోచ్‌గా చెయ్యలేదు. ఆ కాలేజీకి వచ్చి కూడా ఏడాదే. అయినా అతనికే ఇచ్చారు. ఆ కబురు చెప్పటానికి అతను గదిలోకి అడుగుపెట్టగానే కుర్రాళ్ళు ఎగబడి కేకలేస్తూ చుట్టుకున్నారు. వాళ్ళని ఎవరూ క్రమశిక్షణ లేనివాళ్ళని అనలేదు. 2025 జనవరిలో ఆ జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడింది. ఒహాయో స్టేట్ చేతిలో 34–23 తేడాతో ఓడింది. ఓడితే ఓడింది. ఆ ఫైనల్‌కి జట్టును తెచ్చిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్ అతనే. పదవి ఇవ్వకుండా ఆపి ఉంటే, ఆపినవాళ్ళు ఇవాళ్టికీ "అనుభవం లేదు" అనే అంటూ ఉండేవాళ్ళు. ఎవరు కాదని రుజువు చెయ్యగలరు?

దీంట్లో ఉన్న మెలిక చూడండి మిత్రులారా. హెడ్ కోచ్ అనుభవం హెడ్ కోచ్ పని చేస్తే తప్ప రాదు. ఆ పని ఇవ్వరు. ఇవ్వలేదు గనక అనుభవం లేదంటారు. అనుభవం లేదు గనక ఇవ్వమంటారు. నీళ్ళలో దిగనివ్వకుండా ఈత రాదనటం ఇది. మా తాతల్ని బళ్ళోకి రానివ్వకుండా చదువులేని జాతి అన్నారు. మా అమ్మల్ని బావి ముట్టుకోనివ్వకుండా శుభ్రం లేదన్నారు. ఇప్పుడు కుర్చీలో కూర్చోనివ్వకుండా కూర్చోవటం రాదంటున్నారు.

అమెరికా దూరం అంటారా? మన గడ్డ మీదికే వద్దాం. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 2006లో దేశానికి బ్యాడ్మింటన్ చీఫ్ కోచ్ అయ్యాడు. అప్పటికి ఆయన ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ మనిషి. అప్పుడు ఆయన వయసుని ఎవరూ నేరంగా చూడలేదు. చూడకపోవటమే మంచిదయింది. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం మనందరం చూశాం. ఆయనకివ్వటం తప్పని నేనటంలేదు. సరైన పనే చేశారంటున్నా. ఆ సరైన పని గూడెం పిల్లాడి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోతదని అడుగుతున్నా.

ఫుట్‌బాల్‌కే వస్తే మన హైదరాబాద్ రహీం సాబ్ ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు! నా బోటి పంతులే! 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడే డ్యూరాండ్ కప్పు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు. భారత జట్టుని 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం దాకా నడిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా నాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963లో పోయాడు. ఆ తరవాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు. రహీం సాబ్ ఏ విదేశీ క్లబ్బు నుంచీ సర్టిఫికెట్టు తేలేదు. బడి పిల్లలకీ పోలీసు జవాన్లకీ ఆట నేర్పి నేర్పి తను నేర్చాడు. ఒంటికాలి ఆటగాళ్ళకి రెండో కాలు సాధన కావాలని, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టించాడు. ఇదీ అనుభవం అంటే. గ్రౌండులో పుట్టేది. కమిటీ గదిలో పుట్టేది కాదు.

ఇంకా వెనక్కి పోతే మా చరిత్రే ఉంది. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టాడు. తోలు పని కులం, మాకు వరసకి అన్నదమ్ములు. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్చి చదును చేసే కూలిగా చేరి, నెట్స్‌లో దొరలకి బంతులు వేసి వేసి ఈ దేశపు గొప్ప స్పిన్నర్ అయ్యాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందువుల జట్టుకి వికెట్లు కావాలి గనక ఆడించుకున్నారు. టీ వేళకి మాత్రం బయట నిలబెట్టి మట్టి ముంతలో పోశారు. ఏళ్ళ తరబడి జట్టుని గెలిపించినా కెప్టెన్ చెయ్యలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌ని కెప్టెన్ చేశారు. ఒక అన్న జీవితమంతా వికెట్లు తీస్తే ఒక తమ్ముడికి పదవి దక్కింది. అదీ ఊరికే రాలేదు. 1920లో ఆ అన్నదమ్ములు మేం ఆడమని ఎదురుతిరిగారు గనక వచ్చింది.

ఇక్కడ ఇంకో మాట. ఫుట్‌బాల్ అనే వస్తువే మా చేతుల్లోంచి పోయింది. దేశ విభజన తరవాత సియాల్‌కోట్ నుంచి జలంధర్ చేరిన ఆటవస్తువుల పరిశ్రమలో ఇళ్ళల్లో కూర్చుని బంతి కుట్టింది ఎక్కువగా దళిత కుటుంబాలే, ఆడవాళ్ళూ పిల్లలతో సహా. చచ్చిన గొడ్డు తోలు ఊనింది మా తాతలు. ఆ తోలు ముట్టుకున్నందుకు మేం అంటరానివాళ్ళం. ఆ తోలు బంతిని కాలితో తన్ని కప్పు గెలిస్తే వాళ్ళు వీరులు. బంతి కుట్టొచ్చు, బంతికి గాలి కొట్టొచ్చు, బంతి వెంట పరిగెత్తొచ్చు. బంతి ఎటు పోవాలో చెప్పే అధికారం మాత్రం మాకు ఉండకూడదు!

"పోనీలే, కోచ్ ఉద్యోగం ఒక లెక్కా? భూమి అడగండి, రాజ్యాధికారం అడగండి" అనే మిత్రులు ఉన్నారు. కారంచేడు, చుండూరు చూసిన జాతికి ఇది చిన్న విషయంగా కనపడొచ్చు. అన్నా, భూమీ అడుగుదాం, రాజ్యమూ అడుగుదాం. కానీ కాలేజీ జట్టుకి ఎవర్ని తీసుకోవాలో రాసేది కోచ్. యూనివర్సిటీ సెలెక్షన్‌కి ఎవరి పేరు పంపాలో రాసేది కోచ్. ఆ కాయితం మీద పేరు ఉంటేనే ఆ పిల్లాడికి సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టు ఉంటేనే స్పోర్ట్స్ కోటాలో సీటు, పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం. తోట కాపలాదారు కొడుకుకి ఇంతకు మించిన దారి ఎన్ని ఉన్నాయి? ఆ సంతకం పెట్టే చెయ్యి గూడెం మనిషిదా, కమిటీ చుట్టానిదా అనేది చిన్న విషయం ఎట్లా అవుద్ది? రాజ్యాధికారమంటే అసెంబ్లీలో మాత్రమే ఉంటదా? ఒక పిల్లాడి బతుకు మీద సంతకం పెట్టే ప్రతి కుర్చీలోనూ ఉంటది.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1992 నవంబరులో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు రిజర్వేషన్ సరే, ప్రమోషన్‌లో కుదరదంది. అంటే గుమ్మం దాటనిస్తాం, మెట్లెక్కనివ్వం అని. 1995లో 77వ సవరణతో 16(4ఎ) తెచ్చుకున్నాం. 2001లో 85వ సవరణతో సీనియారిటీ తెచ్చుకున్నాం. 2006లో నాగరాజ్ కేసు తీర్పు వచ్చి, ప్రమోషన్ ఇవ్వాలంటే వెనకబాటుతనానికి లెక్కలు చూపించండి, ప్రాతినిధ్యం చాలట్లేదని లెక్కలు చూపించండి, పరిపాలనా సామర్థ్యం చెడకుండా చూడండి అంది. రెండు వేల ఏళ్ళ వెలివాడకి లెక్కల కాయితం కావాలంట! 2018లో జర్నైల్ సింగ్ కేసులో ఎస్సీ, ఎస్టీల వెనకబాటుతనానికి లెక్కలక్కర్లేదన్నారు. దానికి క్రీమీలేయర్ అనే కొత్త మెలిక తగిలించారు. ఈ కొట్లాటంతా సర్కారు ఉద్యోగాల్లో. ప్రైవేటు కాలేజీలో కోచ్ కుర్చీకి రోస్టరూ లేదు, రిజర్వేషనూ లేదు, అడిగే నాథుడూ లేడు. అక్కడ రాజ్యాంగం కాంపౌండు గోడ బయటే ఆగిపోద్ది.

'సామర్థ్యం' అనే మాటకి నేను భయపడను. రండి, తేల్చుకుందాం. రెండు జట్లు ఇవ్వండి. ఒకటి మావోడికి, ఒకటి మీ చుట్టానికి. ఒకే గ్రౌండు, ఒకే తిండి, ఒకే ఖర్చు. ఏడాది తరవాత ఆడించండి. సామర్థ్యం అంటే ఏందో బంతి చెప్తది. బంతికి కులం తెలియదు. మీరు ఆ పందేనికి రారు. ఎందుకంటే మీ మెరిట్టు పోటీకి నిలబడేది కాదు, పోటీ లేకుండా చూసుకునేది.

అనుభవానికి విలువ లేదని నేననను. పంతులుగా నాకు తెలుసు, మొదటి ఏడు చెప్పిన పాఠానికీ పదో ఏడు చెప్పిన పాఠానికీ తేడా ఉంటది. కుర్రాడికి హెడ్ కోచ్ పదవి ఇస్తే మొదట్లో తడబడొచ్చు. ఖర్చుల లెక్క రాయటం, పై ఆఫీసులతో ఉత్తరాలు నడపటం నేర్చుకోవాలి. నేర్పండి. పక్కన పెద్దాయన్ని ఒక ఏడాది సలహాకి ఉంచండి. క్రికెట్టు ఆడిన చుట్టానికి మాత్రం ఫుట్‌బాల్ నేర్చుకోవటానికి ఎన్నేళ్ళయినా సమయం ఇస్తారే! ఆరేళ్ళు ఫుట్‌బాల్ నేర్పినవాడికి లెక్కల పుస్తకం నేర్చుకోవటానికి ఆరు నెలలు ఇవ్వలేరా? 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరేనాటికి బాబాసాహెబ్ అంబేడ్కర్‌కి ఇరవై ఏడేళ్ళు. అక్కడ సాటి ప్రొఫెసర్లు పట్టించుకుంది ఆయన వయసుని కాదు. తాము తాగే మంచినీళ్ళ కుండని ముట్టుకుంటాడేమోనని అభ్యంతరం పెట్టారు. ఈనాటి కమిటీ గదిలో ఆ కుండ కనపడదు. కుండ స్థానంలో కుర్చీ ఉంది.

అందుకని నేను అడిగేది స్పష్టంగా చెప్తున్నా. హెడ్ కోచ్ కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆ జట్టుతో అప్పటికే పని చేస్తున్న అసిస్టెంటుని మొదట పిలవాలి. ఏ కొలబద్దతో ఎంచుతారో దరఖాస్తులు పిలవకముందే కాయితం మీద పెట్టి గోడకి అంటించాలి. కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో రాసివ్వాలి. జట్టులో పిల్లల మాట వినాలి. ఎస్సీ, ఎస్టీ కుర్రాళ్ళు పాటియాలా జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చెయ్యాలంటే ఆ ఖర్చు కాలేజీయో సర్కారో భరించాలి. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన కోరిక కాదు. అమెరికాలో వృత్తి ఫుట్‌బాల్ జట్లు హెడ్ కోచ్‌ని తీసుకునే ముందు కనీసం ఒక అల్పసంఖ్యాక వర్గం మనిషినైనా ఇంటర్వ్యూ చేసి తీరాలని 2003లో రూనీ రూల్ అని పెట్టుకున్నాయి. 2009లో ఆరెగాన్ రాష్ట్రం తన ప్రభుత్వ యూనివర్సిటీలకి అట్లాంటి నియమాన్నే చట్టం చేసింది. ఇంటర్వ్యూతోనే న్యాయం జరిగిపోదని నాకు తెలుసు. మావోణ్ణీ ఇంటర్వ్యూ చేశారు గదా! కానీ కొలబద్దా, కారణమూ కాయితం మీదికొస్తే దాన్ని పట్టుకుని నిలదీయొచ్చు. గాలిలో అన్న మాటని ఎవరూ పట్టుకోలేరు. అగ్రకుల పెత్తనం ఇన్నేళ్ళు బతికింది గాలిలో అన్న మాటల మీదే.

విద్యార్థి మిత్రులారా, సంతకం పెట్టిన ఆ జట్టు పిల్లల్ని చూడండి. ఒక్క సంతకంతో ఓడిపోయాం అనుకుంటున్నారు వాళ్ళు. ఓడిపోలేదు. ఆ కాయితం నకలు నా దగ్గర ఉంది. మీ కాలేజీలో గ్రౌండు చూసేదెవరో, జీతం తీసుకునేదెవరో, సంతకం పెట్టేదెవరో మీరూ ఒక కాయితం మీద రాయండి. గ్రౌండుతో ఆగొద్దు. లాబొరేటరీలో సామాను సర్దేదెవరు, పరిశోధన మీద పేరు ఎవరిది? హాస్టల్లో వండేదెవరు, వార్డెన్ ఎవరు? రాసిన కాయితాలన్నీ ఒక చోట చేరితే మన దగ్గర లెక్కలు లేవని ఏ కోర్టూ అనలేదు.

ఇక మా గూడెం పెద్దలకో మాట. "ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకోకురా నాయనా" అని మీరు మావోడికి చెప్తున్నారు. మీ భయం నాకు తెలుసు. కాపలా పని పోతే పస్తున్న రోజులు మీకు గుర్తున్నాయి. కానీ వాడు మానుకోడు. పొద్దున అయిదింటికి ఇప్పటికీ గ్రౌండుకి పోతున్నాడు. పిల్లల్ని వదిలి రాలేనన్నాడు. మళ్ళీ ఖాళీ వస్తే మళ్ళీ దరఖాస్తు పెడతానన్నాడు. పెట్టాలి. వాడితో పాటు ఇంకో పదిమంది పెట్టాలి. ప్రతి కాలేజీలోనూ పెట్టాలి.

కమిటీ పెద్దలూ, మీకు చివరి మాట. ఈసారి మా కుర్రోణ్ణి కాదనదల్చుకుంటే గాలిలో అనకండి. మినిట్సు పుస్తకంలో సిరాతో రాయండి. 'చిన్నవాడు' అని రాసేట్టయితే దేంట్లో చిన్నవాడో కూడా రాయండి. వయసులోనా, పనిలోనా, కులంలోనా?